ఎవరూ గెంటేయని మనిషి

మిత్రులారా, రచయిత్రి యు మిరి నవల 'టోక్యో ఉయెనో స్టేషన్' 2014లో జపాన్‌లో వచ్చింది. మోర్గన్ గైల్స్ చేసిన ఇంగ్లిష్ అనువాదానికి 2020లో అమెరికా నేషనల్ బుక్ అవార్డు దక్కింది. అందులో కథ చెప్పే కజు చనిపోయినవాడు. ఇల్లు లేక తలదాచుకున్న టోక్యోలోని ఉయెనో పార్కులోనే, పోయాక కూడా తిరుగుతూ, వచ్చేపోయేవాళ్ల మాటలు వింటుంటాడు.

కజుది ఫుకుషిమాలో ఓ పేద కుటుంబం. పుట్టింది 1933లో, 2019 దాకా చక్రవర్తిగా ఉన్న అకిహితో పుట్టిన ఏడాదే. కొడుకు పుట్టింది 1960 ఫిబ్రవరి 23న, అకిహితో కొడుకు, రాకుమారుడు నరుహితో పుట్టిన రోజే. మురిసిపోయి రాకుమారుడి పేరులోంచి ఒక అక్షరం కొడుక్కి పెట్టుకుంటారు. తర్వాత 1964 ఒలింపిక్స్ పనులకు టోక్యో వెళ్లి మట్టి తవ్వుతాడు కజు. ఇంటికి డబ్బు చేరుతుంది, మనిషి చేరడు. ఆ కొడుకు ఇరవై ఒకటో ఏట నిద్రలోనే పోతాడు. నీకు అదృష్టమే లేదంటుంది కజు తల్లి. ఆవిడ జాలితోనే అన్న మాట అతన్ని జీవితమంతా వదల్లేదు.

అరవయ్యేళ్లకు ఇంటికొస్తే కొన్నేళ్లకే భార్య పోతుంది. తోడుగా ఉన్న మనవరాలు మారికి బరువు కాకూడదని చీటీ రాసిపెట్టి వెళ్లిపోతాడు. ఎవరూ గెంటేయలేదు కదా, తనే పోయాడు కదా అని మీరనొచ్చు. నిజమే. కానీ ఇంటికి పంపే డబ్బుతోనే తన విలువ కట్టుకున్నవాడు, పంపడానికేమీ మిగలనప్పుడు తనను తానే తీసేసుకున్నాడు. ఆ లెక్క అతనికి నేర్పిందెవరు?

పార్కు ఒకప్పుడు రాజకుటుంబం నగరానికిచ్చిన కానుక. నవలలో, వాళ్లు అక్కడి మ్యూజియాలకు వచ్చే ముందు అట్టపెట్టెల గుడిసెలకు నోటీసు అంటిస్తారు, ఫలానా వేళకల్లా ఖాళీ చేయమని. వానైనా చలైనా టార్పాలిన్ మడిచి, సామాను మూటగట్టి కదలాల్సిందే. అలాంటి ఒక రోజు అకిహితో చక్రవర్తి కారు ఎదురుగా వస్తుంది. కజు గొంతు పెగలదు. చేయి మాత్రం లేచి ఊపుతుంది. నాకు నవల మొత్తంలో ఇంతకంటే కఠినమైన చోటు కనపడలేదు. కోపం కూడా రాని మనిషిని చూపించింది యు మిరి.

చివర్లో 2011 సునామీ మారిని కూడా తీసుకుపోతుంది. ఒక్కడి నెత్తిన ఇన్ని చావులా అని మొదట విసుక్కున్నాను. యు మిరి ఆ విపత్తు తర్వాత ఫుకుషిమాలోని మినమిసోమ ఊళ్లో రేడియో కార్యక్రమం కోసం అక్కడివాళ్ల గోడు విన్నది. 2015లో ఆ ఊరికే కాపురం మార్చింది, తర్వాత పుస్తకాల దుకాణం పెట్టింది. అది తెలిశాక ఆ సునామీని కథలోంచి తీసేయమనే నోరు నాకు లేకపోయింది.