అబద్ధం మళ్లీ వచ్చినప్పుడు పట్టుకునేదెలా?

అందరికీ నమస్కారం.

2018 వేసవిలో మన ఫోన్లలో తిరిగిన ఒక వీడియో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. వీధిలో పిల్లలు ఆడుకుంటూ ఉంటారు. హెల్మెట్లు పెట్టుకున్న ఇద్దరు బైక్ మీద వస్తారు. వెనక కూర్చున్నవాడు ఒక పిల్లాణ్ని లాక్కుంటాడు, బండి వెళ్లిపోతుంది. మన దాకా వచ్చింది అంతే. అసలు వీడియోలో ఆ బండి తిరిగొస్తుంది. పిల్లాణ్ని దించేసి, ఒక అట్ట పైకెత్తి చూపిస్తారు. కరాచీ వీధుల్లో పిల్లల్ని ఎత్తుకుపోవడానికి ఒక్క క్షణం చాలు, జాగ్రత్త అని దాని మీద రాసి ఉంటుంది. తప్పిపోయిన పిల్లల కోసం పనిచేసే ఒక పాకిస్తాన్ సంస్థ తీయించిన ప్రకటన అది. ఎవరో చివరి సెకన్లు కత్తిరించి, పైన నాలుగు ముక్కలు రాసి వదిలారు.

ఆ మే నెలలోనే హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను పిల్లల్ని ఎత్తుకెళ్లే మనిషి అనుకుని జనం కొట్టి చంపారు. జులైలో బీదర్ జిల్లాకు వెళ్లిన హైదరాబాద్ యువకులు కొందరు బడిపిల్లలకు చాక్లెట్లు ఇచ్చారు. వాళ్ల కారు పక్క ఊరికి చేరేలోపే వాట్సాప్‌లో కబురు చేరిపోయింది. దారికి అడ్డంగా చెట్టు వేసి ఆపారు. ఒకరి ప్రాణం పోయింది. తప్పుడు సమాచారాన్ని పట్టే పనిముట్ల గురించి మాట్లాడేటప్పుడు నా కళ్ల ముందు ఉండేవి ఈ మరణాలే.

ఆ వీడియోను మళ్లీ చూడండి. అందులో మార్ఫింగ్ లేదు, కృత్రిమ మేధ లేదు. నిజం వీడియోనే, తోక కోశారు, ఊరు మార్చారు. మన దేశపు రాజకీయ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఫొటోలను పరిశీలించిన పరిశోధకులకు కూడా, తప్పుడు ఫొటోల్లో పెద్ద వాటా ఇలాంటివే కనిపించాయి: ఎప్పటిదో, ఎక్కడిదో ఫొటో, దానికి కొత్త కథ. అందుకే మనం తయారుచేసే పనిముట్టు నిజమా అబద్ధమా అని తేల్చనక్కర్లేదు. ఇది ఇంతకుముందు వచ్చిందా, వస్తే అప్పుడు ఎవరు పరిశీలించారు, ఏం తేల్చారు అన్నది వెంటనే చెప్పగలిగితే సగం పని అయినట్టే.

అది ఎలా పనిచేస్తుందో కాస్త దగ్గరగా చూద్దాం. మామూలుగా ఒక ఫైలు ఇంకో ఫైలూ ఒకటేనా అని చూడటానికి, ఫైలు నుంచి లెక్కగట్టి తీసే హ్యాష్ అనే గుర్తింపు సంఖ్యను వాడతారు. అది ఇక్కడ పనికిరాదు. వాట్సాప్‌లో పంపగానే ఫొటో కుదించుకుపోతుంది, ఒక్క పిక్సెల్ తేడా వచ్చినా ఆ హ్యాష్ పూర్తిగా మారిపోతుంది. అందుకని ఫొటో వేలిముద్రలాంటిది ఒకటి తీస్తాం. ఫేస్‌బుక్ 2019లో అందరూ వాడుకునేలా విడుదల చేసిన పీడీక్యూ అనే పద్ధతి ఉంది. అది ఏ ఫొటోనైనా 64 గడులు పొడవు, 64 గడులు వెడల్పు ఉన్న బూడిదరంగు బొమ్మగా కుదిస్తుంది. అందులో వెలుగు నీడలు ఎలా మారుతున్నాయో లెక్కగట్టి 256 బిట్ల సంఖ్య, అంటే 256 సున్నాలూ ఒకట్ల వరస, తయారుచేస్తుంది. రెండు ఫొటోల సంఖ్యలు పక్కపక్కన పెట్టి ఎన్ని బిట్లు తేడా ఉన్నాయో చూస్తాం. 31 లేదా అంతకన్నా తక్కువ తేడా ఉంటే రెండూ ఒకే ఫొటో అనుకోవచ్చని సూచన. లక్షల ఫొటోల్లో వెతకడానికి కూడా మామూలు కంప్యూటర్ చాలు.

కానీ మన దగ్గర ఫొటో ఉన్నదున్నట్టు తిరగదు. పైన పసుపు పట్టీ, కింద ఎర్ర పట్టీ, మూల ఛానల్ లోగో, మధ్యలో గుండ్రటి గీత, బాణం గుర్తు. ఇవన్నీ పడ్డాక ఆ సంఖ్య ఎక్కడికో వెళ్లిపోతుంది. కాబట్టి ముందు పట్టీలను గుర్తించి తీసేయాలి, వాటి మీది తెలుగు అక్షరాలను విడిగా చదవాలి. అమెరికాలో పాలో ఆల్టోలో కూర్చున్న ఇంజినీరుకు ఈ పసుపు పట్టీ సంగతి తట్టదు. మీకు తడుతుంది.

రాత విషయంలో చిక్కు ఇంకా ఎక్కువ. పిల్లల్ని ఎత్తుకెళ్తున్నారు, ఎత్తుకపోతుండ్రు, ఎత్తుకుపోతన్నారు. చెప్పింది ఒకటే, యంత్రానికి మూడు వేర్వేరు. ఇదే మాటను ఇంగ్లిష్ అక్షరాల్లో టైపు చేస్తే ఎవరి స్పెల్లింగ్ వారిది. ఒకే ఆరోపణను వేర్వేరు మాటల్లో చెప్పినా గుర్తుపట్టే పని మీద 2021లో ఒక ముఖ్యమైన పరిశోధన వచ్చింది. ఇంగ్లిష్, హిందీ, బెంగాలీ, మలయాళం, తమిళం సందేశాలతో చేశారు. తెలుగు లేదు. ఇది నాకు బాధ కలిగించే విషయం. హైదరాబాద్‌లో ఇంతమంది సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు ఉండి, కోట్లమంది మాట్లాడే భాషకు ఆ మాత్రం సందేశాల సంపుటి లేకపోవడం సబబు కాదు.

మరి సందేశాలు ఎక్కణ్నుంచి వస్తాయి? వాట్సాప్‌లో పంపినవారికీ అందుకున్నవారికీ తప్ప సందేశంలో ఏముందో ఎవరికీ కనపడదు. అది అలాగే ఉండాలి. అబద్ధాల పేరు చెప్పి అందరి ఉత్తరాలూ విప్పి చదివే ఏర్పాటు ఎవరు అడిగినా ఒప్పుకోకూడదు. మిగిలిన దారి ఒక్కటే, జనం తమంతట తాము పంపి అడగడం. ఫ్యాక్ట్‌చెక్ సంస్థలు అందుకే వాట్సాప్ నంబర్లు పెట్టాయి. డీప్‌ఫేక్‌ల కోసం, అంటే కృత్రిమ మేధతో చేసిన నకిలీ వీడియోలు, ఆడియోల కోసం, 2024 మార్చిలో మొదలైన డీప్‌ఫేక్స్ అనాలిసిస్ యూనిట్ టిప్‌లైన్‌ను, అంటే జనం పంపి అడిగే నంబరును, తెలుగులో కూడా పనిచేసేలా పెట్టారు. అక్కడ యంత్రం ఇచ్చే అంకెను తీర్పుగా తీసుకోరు, మనిషి చూశాకే జవాబు ఇస్తారు. పదిసార్లు కుదించుకుపోయిన ఆడియో మీద ఏ సాఫ్ట్‌వేర్ అయినా తడబడుతుంది. ఎనభై శాతం నకిలీ అని తెర మీద కనపడితే జనం నూరు శాతం అనుకుంటారు, అది కూడా ప్రమాదమే.

ఏది నిజమో ప్రభుత్వమే తేల్చాలా అంటే, నా జవాబు వద్దనే. కేంద్ర ప్రభుత్వం గురించిన వార్తల మీద కేంద్రం తానే పెట్టుకోబోయిన ఫ్యాక్ట్‌చెక్ యూనిట్ నిబంధనను 2024 సెప్టెంబర్‌లో బాంబే హైకోర్టు కొట్టేసింది. మంచి పని జరిగింది.

కొన్నిసార్లు చిన్న అడ్డుకట్ట చాలా పని చేస్తుంది. 2018లో ఆ హత్యల తర్వాత వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డ్‌ను ఒక్కసారికి అయిదు చాట్లకే పరిమితం చేసింది. 2020 ఏప్రిల్‌లో, అప్పటికే చాలాసార్లు తిరిగిన సందేశాన్ని ఒక్కసారికి ఒకరికే పంపగలిగేలా మార్చింది. దాంతో అలాంటి సందేశాలు 70 శాతం తగ్గాయని ఆ సంస్థే చెప్పింది. సందేశంలో ఏముందో ఎవరూ చదవలేదు, ఎన్నిసార్లు చేతులు మారిందో లెక్క మాత్రమే.

ఇక జోగులాంబ గద్వాల సంగతి. 2018లో అక్కడ ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు ఒక్కో పోలీసుకు కొన్ని ఊళ్లు అప్పగించారు. వాళ్లు ఊరి జనంతో మాట్లాడారు, సర్పంచులను గ్రూపుల్లో కలుపుకున్నారు, డప్పు చాటింపు వేయించారు, కళాకారులతో పాటలు పాడించారు. చుట్టుపక్కల చావులు జరుగుతున్నా ఆ పరిధిలో ఈ పుకారుకు ఎవరూ బలి కాలేదు. ఇందులో సాఫ్ట్‌వేర్ ఏమీ లేదనుకోకండి. అబద్ధం ఏ ఊరికి ఎప్పుడు చేరిందో ముందుగా తెలిస్తే ఆ డప్పు సకాలంలో మోగుతుంది. మన పనిముట్టు ఆ కబురు అందించాలి.

అందుకే ఈ కాలేజీ విద్యార్థులను ఒకటి అడుగుతున్నాను. తెలుగు ఫార్వర్డ్‌ల జతలు పోగుచేద్దాం. ఇచ్చినవారి అనుమతితో తీసుకుందాం, ఫోన్ నంబర్లూ పేర్లూ చెరిపేసి మాత్రమే దాచుదాం. ఈ రెండూ ఒకే ఆరోపణా, కాదా అని ప్రతి జతకూ ముగ్గురు గుర్తు పెట్టాలి. ఆ ముగ్గురిలో ఒకరు శ్రీకాకుళం వైపు, ఒకరు అనంతపురం వైపు, ఒకరు కరీంనగర్ వైపు వాళ్లయి ఉండాలి. ముగ్గురికీ కుదరని జతలను పారేయొద్దు, విడిగా దాచండి. మన పనిముట్టు తడబడేది సరిగ్గా అక్కడే, అన్నిటికన్నా ముందు దానికి నేర్పాల్సినవీ అవే.