జైలు నుంచి వెళ్లే అప్పీలు

శ్రోతలందరికీ నమస్కారమండీ. అమెరికా జైల్లో ఉన్న మనిషి లాయర్ లేకుండా, తనే కాగితం మీద రాసుకుని జైలు అధికారుల మీద కేసు వేశాడనుకోండి, దాన్ని జడ్జి మొదట్లోనే కొట్టేశాడనుకోండి. అక్కడితో అయిపోయినట్టేనా?

కొలరాడోలో ఎరిక్సన్ అనే ఖైదీకి హెపటైటిస్ సి. వారం వారం ఇంజెక్షన్, దాదాపు ఏడాది పాటు సాగాల్సిన ట్రీట్‌మెంట్. మొదలైన కొన్నాళ్లకే ఒక సిరంజి కనపడకుండా పోయి చెత్తడబ్బాలో దొరికింది, డ్రగ్స్ కోసం నువ్వే తీశావని ట్రీట్‌మెంట్ ఆపేశారు. మందు లేకపోతే నా ప్రాణం పోతుంది మొర్రో అని ఆయన కేసు వేస్తే కింది కోర్టు కొట్టేసింది, అప్పీల్ కోర్టేమో నష్టం జరిగిందని ఊరికే అంటున్నావు, వివరమేదీ అంది. 2007లో సుప్రీంకోర్టు మాత్రం ఈ దశలో ఆ మాత్రం చెప్తే చాలు, పైగా లాయర్ లేనివాడు రాసింది కాస్త ఉదారంగా చదవాలి కదా అని వెనక్కి పంపింది. గెలిచాడని కాదు, కేసు బతికింది అంతే.

సరే, అప్పీలుకి గడువు మామూలుగా తీర్పు నమోదైన రోజు నుంచి 30 రోజులు. బయటున్నవాళ్లయితే కోర్టుకెళ్లి ముద్ర వేయించుకుంటారు, లోపలున్నవాడు కవరు ఎవరి చేతికివ్వాలి చెప్పండి? ఎవరి మీద కేసు వేశాడో ఆ జైలు వాళ్లకే! టెనెసీలో హ్యూస్టన్ అనే ఖైదీ 27వ రోజునే కవరు ఇచ్చేశాడు, కోర్టులో ముద్ర పడింది 31వ రోజు, ఒక్క రోజు లేటని అప్పీలు తీసి పారేశారు. (ఆయనది తన శిక్ష మీద వార్డెన్ పేరున వేసిన పిటిషన్ లెండి, కానీ చిక్కు అదే.) 1988లో సుప్రీంకోర్టు 5-4తో, జైలు సిబ్బంది చేతికిచ్చిన రోజే దాఖలైనట్టు అని తేల్చింది. అందుకే ఫలానా తేదీన ఇచ్చాను, స్టాంపులు అంటించాను అని ఒక డిక్లరేషన్ కూడా రాసి పెట్టుకోవాలి, జైల్లో కోర్టు ఉత్తరాలకి వేరే పద్ధతి ఉంటే అందులోనే పంపాలి.

ఇక డబ్బు. ఖైదీలు వేసే కేసుల మీద తెచ్చిన 1996 చట్టం ప్రకారం పేద ఖైదీకి కూడా కోర్టు ఫీజు మాఫీ లేదు, జైలు ఖాతాలోంచి వాయిదాల్లో కోసుకుంటారు. దానికితోడు త్రీ స్ట్రైక్స్ అని ఒకటుంది, కేసులో పస లేదనో, అసలు చట్టప్రకారం కేసే లేదనో కొట్టేస్తే ఒక స్ట్రైక్, దాని మీద వేసిన అప్పీలు కూడా అలాగే పోతే ఇంకొకటి. మూడు పడ్డాక ఆ వాయిదా సౌకర్యం కూడా ఉండదు, ఫీజు మొత్తం ముందే కట్టాలి, ఒంటికి పెద్ద ప్రమాదం ముంచుకొస్తోందని చూపిస్తే తప్ప. పనికిమాలిన కేసులు ఆపాలనే పెట్టారు, నిజమే, కానీ అప్పీలు ఇంకా నడుస్తుండగానే కింది కోర్టు వేసిన స్ట్రైక్ లెక్కలోకి వస్తుందని 2015లో సుప్రీంకోర్టు తేల్చింది చూడండి, అది మాత్రం నాకు మింగుడు పడదు. తప్పు జరిగిందో లేదో పైకోర్టు ఇంకా చూడనే లేదు, వీడికి మాత్రం స్ట్రైక్ పడిపోయింది.