బండి హీటెక్కుతుందా? రేడియేటర్ బయట చూడుండ్రి ముందు! బ్యాటరీ స్ప్రేయర్ రివ్యూ

నమస్తే అందరికీ. ఇగో, నా చేతిలది చూడుండ్రి. పాత పరుపుల నుంచి తీసిన దూది అనుకుంటరు. కాదు. మా క్యాంపర్ వ్యాన్ల ఏసీ గ్యాస్‌ను చల్లబరిచే కండెన్సర్‌కు, ఇంజన్ నీళ్లను చల్లబరిచే రేడియేటర్‌కు నడుమ నుంచి పొద్దున తీసిన. దగ్గరికి చూపిస్త. పత్తి పింజెలు, వరి పొట్టు, పురుగుల రెక్కలు, మసి, అన్నీ కలిసి గొంగడి లెక్క అల్లుకపోయినయ్.

హన్మకొండ నుంచి లక్నవరం బయల్దేరితే చాలు, ములుగు రాకముందే టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దిక్కు పోతుండె. ఏసీ బంద్ చేస్తే కొంచెం దిగుతుండె. మంచాలు, నీళ్ల ట్యాంకు, పొయ్యి, బట్టలు, ఇల్లంత బరువు గుంజే ఇంజన్ కదా, చానా భయమైంది. ఒక షెడ్డుల ఫ్లష్ కొట్టి, అంటే రేడియేటర్ లోపల కడిగి, కొత్త కూలెంట్, అదే ఇంజన్‌ను చల్లబరిచే నీళ్ల మందు, పోసిన్రు. వారం తిరగకముందే మళ్ల అదే కథ. రేడియేటర్ మార్చుమన్నరు.

మార్చే ముందు ఒక్క పని చేసిన. చీకటిల ఇంజన్ దిక్కు నుంచి టార్చ్ పెట్టి, ముందు నిలబడి చూసిన. వెలుగు పైన రెండు వేళ్ల మందమే బయటికొచ్చింది! గాలే పోకపోతే లోపల ఎంత మంచి కూలెంట్ పోసినా ఏం లాభం?

మన దిక్కు ఇది మామూలే. పత్తి సీజన్ల ఎనుమాముల మార్కెట్‌కు పోయే బండ్ల ఎనుక పడితే రోడ్డంతా పింజెలే. కోతలప్పుడు రోడ్డు మీదనే వడ్లు ఆరబోస్తరు. గాలి ముందుగాల కండెన్సర్ల నుంచి, తర్వాత రేడియేటర్ల నుంచి పోతది. ముందర కడిగితే పైకి తళతళ మెరుస్తది, చెత్త మాత్రం ఆ రెండింటి సందుల అట్లనే ఉంటది.

ఇగ స్ప్రేయర్ ముచ్చట. చేన్లకు మందు కొట్టే 16 లీటర్ల బ్యాటరీ పంపే ఇది. కానీ కొత్తది కొన్న. మందు కొట్టిన పంపు అస్సలు వాడొద్దు. సర్వీసింగ్ కాడ ప్రెషర్ గన్‌తోటి కొడితే కాయితం లెక్క సన్నగుండే అల్యూమినియం రెక్కలు వంగుతయ్. ఒకసారి వంగినయంటే గాలి దారి అక్కడికే మూసుకపోతది. దీని ధార మెత్తగ ఉంటది, పొడుగు గొట్టం ఉంటది కాబట్టి ఇంజన్ దిక్కు సందులకు పోతది. నాకు నచ్చింది అదే.

కండెన్సర్ పై బోల్టులు ఇప్పి, గ్యాస్ పైపులు కదలకుండ కొంచెం ముందుకు వంచిన. గొంగడి అంతా చేతితోటి మెల్లగ ఒలిచిన. గిన్నెల సబ్బు నీళ్లు కొట్టి పది నిమిషాలు నాననిచ్చి, ఇంజన్ దిక్కు నుంచి బయటికి కడిగిన. గాలి వచ్చిన దారినే చెత్త ఎనక్కి పోవాలె. ముందు నుంచి కొడితే ఇంకా లోపలికి దిగుతది. మూడు ట్యాంకులు పట్టింది. ఓపిక కావాలె, అది దీని లోపం. ఫోమ్ స్ప్రే డబ్బా కూడా వాడి చూసిన. పై జిడ్డు పోయింది గానీ సందుల దాకా అందలే.

ఒక్క మాట, దండం పెట్టి చెప్తున్న. ఇంజన్ పూర్తిగ చల్లబడ్డంకనే చెయ్యుండ్రి. లోపల ప్రెషర్ ఉంటది కాబట్టి 100 డిగ్రీలు దాటినా నీళ్లు మరగవు. రేడియేటర్ మూత తీయంగనే ఒక్కసారే మరిగి మొఖం మీదికి ఎగజిమ్ముతయ్. కూలెంట్ కింద ఒలికితే వెంటనే కడుగుండ్రి, తియ్యగ ఉంటదని కుక్కలు నాకుతయ్, అది విషం.

అందరి బండికీ ఇదే మందు కాదు. నిలబడ్డప్పుడే హీటెక్కి, ఉరికినప్పుడు దిగితే ఫ్యాన్ చూడుండ్రి. ఏండ్ల సంది బోరు నీళ్లు పోసి నడిపితే లోపల ఉప్పు పేరుకుంటది, దానికి ఫ్లషే కావాలె.

ఇప్పుడు ములుగు దాటినం, ఏసీ నడుస్తంది. ముల్లు చూడుండ్రి, నడుమనే ఉంది. పత్తి ఏరుడు అయిపోయినంక మళ్ల టార్చ్ పెట్టి చూస్త.