పలక మీద వంకర గీత: తప్పులు చేస్తూనే క్రీస్తును పోలి నడవగలమా?

[పలక. దాని మీద పెద్ద 'అ'. ఒక చిన్న చెయ్యి బలపంతో దాన్ని దిద్దుతోంది. గీత పక్కకు జారింది.]

అందరికీ వందనాలు.

ఆమధ్య ఒక ఆదివారం సండే స్కూల్లో పిల్లలకు పాఠం చెప్పాను. అంశం, యేసయ్యలా ఓర్పుగా ఉండటం. పాట పాడాం, బంగారు వాక్యం నేర్చుకున్నాం, బొమ్మలకు రంగులు వేశాం. తర్వాత బయటికొచ్చి ఆటో ఎక్కాను. దిగేటప్పుడు ఇరవై రూపాయల దగ్గర మాటా మాటా పెరిగింది. నేను అరిచిన అరుపుకి పక్క కొట్టులోవాళ్లు బయటికొచ్చి చూశారు. నా చేతిలో బైబిలు. నల్ల అట్ట, జిప్పు, దూరం నుంచే తెలిసిపోయే రకం.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇలాంటి నేను క్రీస్తును పోలి నడవడమేంటి? పిల్లలకు నేర్పడమేంటి? మీలో చాలామందికి ఈ ప్రశ్న కొత్త కాదనుకుంటాను.

[తెర మీద: 1 పేతురు 2:21]

బైబిల్లో ఈ విషయం గురించి రాసినవాళ్లలో పేతురు ఒకడు. క్రీస్తు మనకు 'మాదిరి' ఉంచి వెళ్లాడు, ఆయన అడుగుజాడల్లో నడవండి అంటాడు. మన తెలుగు బైబిల్లో 'మాదిరి' అని ఉన్నచోట గ్రీకులో ఉన్న మాట 'హుపోగ్రమ్మోస్'. కొత్త నిబంధన మొత్తంలో ఈ మాట ఈ ఒక్కచోటే వస్తుంది. చిన్నపిల్లలు రాత నేర్చుకోవడానికి గురువు రాసిచ్చే అక్షరాలకు ఆ రోజుల్లో వాడిన మాట అది. పిల్లాడు దాన్ని చూస్తూ, దాని వెంటే చెయ్యి కదుపుతూ నేర్చుకోవాలి.

అంటే మన పలకే. అమ్మ 'అ' రాసిచ్చి 'దిద్దు' అంటుంది చూడండి, అదే.

[మళ్లీ పలక. ఈసారి పెద్దవాళ్ల చెయ్యి పిల్లాడి చేతిని పట్టుకుంది.]

ఇక్కడ మన తెలుగు మాటలో గ్రీకులో లేని సొగసు ఒకటుంది. 'దిద్దడం' అంటే రాసిన అక్షరం మీద మళ్లీ రాయడం. తప్పును సరిచేయడాన్ని కూడా దిద్దడం అనే అంటాం. ఓనమాలు దిద్దుతాం, పరీక్ష పేపర్లు దిద్దుతాం. రెండు పనులకీ ఒకటే మాట. వంకర పోకుండా అక్షరం దిద్దిన పిల్లాణ్ణి నేనైతే చూడలేదు. వంకర పోయినంత మాత్రాన పలక లాక్కునే అమ్మనూ చూడలేదు.

సరే, ఈ మాట రాసినవాడి చేతిరాత ఎలా ఉండేదో చూద్దాం.

[యెరూషలేము, రాత్రి. ప్రధాన యాజకుడి ఇంటి ముంగిట మంట.]

ఆ 21వ వచనం తర్వాత పేతురు ఏం రాశాడంటే, క్రీస్తును దూషించినా ఆయన తిరిగి దూషించలేదు, బాధపెట్టినా బెదిరించలేదు అని. రాసిందెవరు? గెత్సేమనే తోటలో కత్తి దూసి మల్కు అనే దాసుడి చెవి నరికినవాడు! అదే రాత్రి, యేసును బంధించి తీసుకెళ్లాక, కోడి కూయకముందే, మూడుసార్లు 'ఆ మనిషెవరో నాకు తెలియదు' అన్నవాడు. అందులో ఒకసారి ఆయన యాసే ఆయన్ని పట్టించింది. గలిలయ పలుకు. హైదరాబాద్‌లో నోరు విప్పగానే 'మీది శ్రీకాకుళమా?' అని అడిగేస్తారే, అలాగ. పేతురు ఒట్టు పెట్టుకుని, శపించుకుని మరీ కాదన్నాడు.

ఇక్కడ లూకా ఒక్కడే రాసిన సంగతి ఒకటుంది. కోడి కూసినప్పుడు యేసు వెనక్కి తిరిగి పేతురు వైపు చూశాడు. ఏమీ అనలేదు. పేతురు బయటికెళ్లి వెక్కి వెక్కి ఏడ్చాడు.

అయితే ఆ సాయంత్రం భోజనం దగ్గరే యేసు పేతురుకు ముందుగా ఒక మాట చెప్పి ఉన్నాడు: నువ్వు మళ్లీ తిరిగి వచ్చాక నీ సహోదరులను స్థిరపరచు. నాకు చాలా ఇష్టమైన భాగం ఇది. పడకముందే, లేచాక చేయాల్సిన పని అప్పజెప్పేశాడు. పడతాడని తెలుసు, అయినా ఆ పని ఇంకొకరికి మార్చలేదు.

[రెండు బొమ్మలు పక్కపక్కన: ముప్పై వెండి నాణేలు, కోడిపుంజు.]

అదే రాత్రి తప్పు చేసినవాడు ఇంకొకడున్నాడు, యేసును డబ్బుకు పట్టించిన శిష్యుడు యూదా. అతనూ పశ్చాత్తాపపడ్డాడు, మత్తయి ఆ మాటే రాశాడు. ముప్పై వెండి నాణేలు వెనక్కి తీసుకెళ్లాడు, 'పాపం చేశాను' అని నోటితోనే ఒప్పుకున్నాడు. ఎవరి దగ్గర? యాజకుల దగ్గర. వాళ్లు 'అయితే మాకేంటి, నువ్వే చూసుకో' అన్నారు. పాపానికి వాడుకున్నవాళ్ల దగ్గరే దాని భారం దించుకోవాలని చూస్తే వచ్చే జవాబు అదే. పేతురేమో మిగతా శిష్యుల్ని వదిలిపోలేదు. సిగ్గుగానే ఉండి ఉంటుంది, కానీ అక్కడే ఉన్నాడు. అందుకే సమాధి దగ్గర దేవదూత 'ఆయన శిష్యులతోనూ పేతురుతోనూ చెప్పండి' అన్నప్పుడు, ఆ కబురు అందుకోవడానికి ఆయన అందుబాటులో ఉన్నాడు.

[తెల్లవారుజాము. సరస్సు ఒడ్డు. నిప్పుల మీద చేపలు.]

తర్వాత యోహాను 21వ అధ్యాయం. రాత్రంతా వలేసినా ఏమీ పడలేదు. ఒడ్డు నుంచి ఒకాయన కుడివైపు వేయమన్నాడు. లెక్కపెడితే 153 పెద్ద చేపలు. (లెక్కపెట్టారు చూశారా, జాలర్లు ఎక్కడైనా జాలర్లే.) ఒడ్డున యేసు నిప్పులు సిద్ధంచేసి ఉంచాడు. గ్రీకులో ఈ బొగ్గుల మంటకు వాడిన 'అంథ్రాకియా' అనే మాట కొత్త నిబంధనలో రెండేచోట్ల ఉంది. ఒకటి ఇక్కడ. రెండోది, పేతురు చలి కాచుకుంటూ అబద్ధమాడిన ఆ ముంగిట. తెలుగులో చదువుతూ ఈ సంగతి గమనించకుండా దాటిపోతాం.

ఆ మంట లాంటి మంట దగ్గరే కూర్చోబెట్టాడు. ముందు టిఫిన్ పెట్టాడు. ఆ తర్వాతే అడిగాడు, 'నన్ను ప్రేమిస్తున్నావా?' అని, మూడుసార్లు. మూడోసారికి పేతురు నొచ్చుకున్నాడు. ప్రతిసారీ జవాబు వెంటే పని చెప్పాడు: నా గొర్రెలను మేపు. ఇదీ దిద్దించడం. మూడు వంకర గీతల మీద మూడుసార్లు.

కథ ఇక్కడితో ఆపేస్తే ప్రసంగానికి బాగుంటుంది. కానీ బైబిలు ఆపలేదు.

[మ్యాప్: అంతియొకయ]

పెంతెకొస్తు, అంటే శిష్యుల మీదికి పరిశుద్ధాత్మ దిగివచ్చిన రోజు, అయింది. పేతురు ప్రసంగం విని ఒక్కరోజులో దాదాపు మూడు వేలమంది చేరారు. అన్యజనులు అపవిత్రులు కారని ఆయనకే దర్శనం వచ్చింది, యూదుడు కాని సైనికాధికారి కొర్నేలీ ఇంటికి వెళ్లి వచ్చాడు. ఇంతా అయ్యాక అంతియొకయలో ఏం చేశాడో గలతీ పత్రిక రెండో అధ్యాయంలో ఉంది. మొదట యూదులు కాని విశ్వాసులతో కలిసి కూర్చుని తిన్నాడు. యెరూషలేము సంఘ నాయకుడు యాకోబు దగ్గర నుంచి కొందరు యూదులు రాగానే, వాళ్లేమంటారోనన్న భయంతో పక్కకు తప్పుకున్నాడు. అది చూసి బర్నబా కూడా అదే చేశాడు. పౌలు అందరి ముందూ నిలదీశాడు.

గమనించండి, ఇది పాత జబ్బే. ముంగిట మంట దగ్గర పనిపిల్లకు భయపడ్డాడు, ఇక్కడ యాకోబు దగ్గర నుంచి వచ్చినవాళ్లకు. పక్కన ఎవరితో కూర్చుని తింటున్నామో ఎవరైనా చూస్తారేమోనన్న భయం మన ఊళ్లలో ఎలా ఉంటుందో, దాని పేరేమిటో నేను విడమరిచి చెప్పక్కర్లేదు. కొన్ని చర్చిల్లో కూడా ఉంది.

అపొస్తలుడు, పరిశుద్ధాత్మ పొందినవాడు, మళ్లీ అదే బలహీనత దగ్గర జారాడు. దీన్ని 'పేతురంతటివాడే పడ్డాడు, మనమెంత' అని వాడుకోకూడదు. చెడుగు చేయడానికి స్వేచ్ఛను ముసుగు చేసుకోవద్దని పేతురే రాశాడు. జారితే దిద్దుకోవాలి, జారడం అలవాటు చేసుకోమని కాదు.

ఇంకో మాట. అడుగుజాడల వచనం ముందుగా అన్యాయమైన యజమానుల కింద నలిగిన దాసులకు రాసింది. తప్పించుకునే దారి లేనివాళ్లకు అది ధైర్యం. దాన్ని తీసుకొచ్చి, ఇంట్లో దెబ్బలు తింటున్న ఆడపిల్లకు చూపించి 'ఓర్చుకోమ్మా, క్రీస్తు మాదిరి' అనేవాళ్లను చూశాను. అది తప్పు. కొట్టే చేతికి ఆ వచనం అండ కాదు.

[గుడిలో ప్రభువు బల్ల. రొట్టె, గిన్నె.]

ఇక మనం తరచూ చేసే పొరపాటు. నెల మొదటి ఆదివారం 'ఈసారి బల్ల తీసుకోలేదండీ, మనసు బాలేదు' అంటారు. ఏదో పాపం చేశామన్న టెన్షన్. కొరింథీయులకు పౌలు రాసింది చూడండి: ప్రతివాడూ తన్ను తాను పరీక్షించుకోవాలి, అలా చేసి ఆ రొట్టె తినాలి. పరీక్షించుకుని ఇంటికి వెళ్లిపోమనలేదు. ఆయన 'అయోగ్యంగా' అని తప్పుపట్టింది, కలిగినవాళ్లు ముందే కడుపునిండా తిని లేనివాళ్లను ఆకలితో ఉంచిన పద్ధతిని. కుంగిపోయినవాడిని కాదు.

యోహాను కూడా అంతే. మీరు పాపం చేయకూడదనే రాస్తున్నాను అంటాడు, ఆ వెంటనే, ఎవరైనా చేస్తే మనకు తండ్రి దగ్గర ఒక ఉత్తరవాది ఉన్నాడంటాడు. మన తరఫున మాట్లాడేవాడు అన్నమాట. రెండు వాక్యాలూ పక్కపక్కనే ఉన్నాయి, ఒకటి చదివి రెండోది వదిలేస్తేనే చిక్కు.

ఒప్పుకోలు కూడా పేరుపెట్టి ఒప్పుకుంటేనే పని జరుగుతుంది. 'ప్రభువా, నా పాపాలన్నీ క్షమించు' అని గంపగుత్తగా అనేయడం నాకు బాగా అలవాటు. సుంకం వసూలుచేసే జక్కయ్య యేసు ముందు అలా అనలేదు. ఎవరి దగ్గర అన్యాయంగా తీసుకున్నానో వాళ్లకు నాలుగింతలు ఇస్తానన్నాడు. అంకె చెప్పాడు.

[ఆటో స్టాండ్. ఎండ.]

నా అంకె ఇరవై. తర్వాతి ఆదివారం అదే స్టాండ్‌కి వెళ్లాను. ఆయన ముందు సీట్లో కూర్చుని టీ తాగుతున్నాడు. "అన్నా, పోయిన వారం... గుర్తున్నానా?" అన్నాను.

"గుర్తుండకపోవడమేంటి సార్," అన్నాడు. "ఆ అరుపు ఎలా మర్చిపోతాం?"

నోటు ఇచ్చాను, తప్పు నాదేనన్నాను. నోటు జేబులో పెట్టుకుని, ఎక్కడికి వెళ్లాలని అడిగాడు. చర్చికన్నాను. "ఎక్కండి. డబ్బులు ముందే మాట్లాడుకుందాం," అన్నాడు.

[పలక. జారిన గీత అలాగే ఉంది. దాని పక్కన, అక్షరం మీద, ఇంకో గీత మొదలైంది.]