జాక్ సర్వర్: ఆగాలా, సాగిపోవాలా?

యాంకర్: లినక్స్‌లో పాటలు రికార్డ్ చేసేవాళ్లకు జాక్ సర్వర్ పరిచయమే. ఆడియో ప్రోగ్రామ్‌లను ఒకదానితో ఒకటి, సౌండ్ కార్డ్‌తో కలిపేది అదే. దాని కొత్త రూపం జాక్2 మామూలుగా అసింక్రనస్‌గా నడుస్తుంది. మొదలుపెట్టేటప్పుడు పెద్ద ‘ఎస్’ ఆప్షన్ ఇస్తే సింక్రనస్ అవుతుంది. తేడా ఏమిటండి?

ప్రోగ్రామర్: జాక్ శబ్దాన్ని చిన్న చిన్న ముక్కలుగా తీసుకుంటుంది, ఒక్కో ముక్క పని ఒక సైకిల్. సింక్రనస్‌లో సర్వర్ ఇన్‌పుట్ చదివి, సింథ్, రివర్బ్, మిక్సర్ లాంటి క్లయింట్లు, అంటే దానికి కలిపిన ప్రోగ్రామ్‌లు, అన్నీ పని ముగించేదాకా ఆగి, ఆ ఫలితాన్ని అదే సైకిల్లో సౌండ్ కార్డ్‌కు రాస్తుంది. అసింక్రనస్‌లో ఆగదు. కిందటి సైకిల్లో తయారైనదాన్ని రాసేసి, క్లయింట్లకు కొత్త పని అప్పజెబుతుంది.

రికార్డింగ్ ఇంజనీర్: అంటే ఒక పీరియడ్, ఒక సైకిల్ నిడివి, అదనపు ఆలస్యం. సెకనుకు 48,000 శాంపిల్ రేటులో పీరియడ్‌కు 128 ఫ్రేమ్‌లైతే 2.7 మిల్లీసెకన్లే, పట్టించుకోం. 1024 పెట్టుకుంటే ఆ ఒక్క పీరియడే 21 మిల్లీసెకన్లు! మృదంగం వాయించేవారు హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టేస్తారు.

యాంకర్: మరి డిఫాల్ట్‌గా అదే ఎందుకు పెట్టారు?

ప్రోగ్రామర్: సింక్రనస్ అంటే పంక్తి భోజనం. ఒక్కరు ముగించకపోయినా ఎవరూ లేవకూడదు. ఒక ప్లగిన్ గడువు దాటితే ఎక్స్‌రన్ (శబ్దం సమయానికి అందకపోవడం) వచ్చి మొత్తం శబ్దం తెగుతుంది. అసింక్రనస్‌లో ఆ క్లయింటు, దానిమీద ఆధారపడినవి మాత్రమే ఆ సైకిల్‌కు తప్పిపోతాయి.

రికార్డింగ్ ఇంజనీర్: తప్పిపోయింది గాయని గొంతే అయితే? వినేవాళ్లకు రెండూ ఒకటేగా సార్!

ప్రోగ్రామర్: (నవ్వుతూ) అది ఒప్పుకుంటాను. ఇంకో అపోహ ఉంది. సింక్రనస్ అంటే ఒకే కోర్ వాడుతుందనుకుంటారు. పాల్ డేవిస్ మొదలుపెట్టిన జాక్1 క్లయింట్లను ఒకదాని తర్వాత ఒకటి నడిపేది, ఆ అలవాటు వల్ల. స్టెఫాన్ లెట్జ్ రాసిన జాక్2లో, ఒకదానిమీద ఒకటి ఆధారపడని క్లయింట్లు సింక్రనస్‌లోనూ వేర్వేరు కోర్‌ల మీద ఒకేసారి నడుస్తాయి.

యాంకర్: జాక్ పని కూడా చేసే కొత్త ఆడియో సర్వర్ పైప్‌వైర్ సంగతి?

ప్రోగ్రామర్: 2024లో వచ్చిన 1.2 వెర్షన్‌లో ఏ నోడ్‌కు (జాక్‌లో క్లయింటు లాంటిది) ఆ నోడ్‌కు విడిగా అసింక్రనస్ పెట్టుకోవచ్చు. నెమ్మదైన నోడ్ ఒక్కటే ఒక సైకిల్ వెనక నడుస్తుంది. నాకు నచ్చిన దారి ఇదే.

రికార్డింగ్ ఇంజనీర్: నేనైతే కంప్యూటర్ గుండా గొంతు వినిపించాల్సినప్పుడే సింక్రనస్ పెడతాను. ఇంటర్‌ఫేస్‌లో డైరెక్ట్ మానిటరింగ్ (గొంతు కంప్యూటర్‌కు వెళ్లకుండానే హెడ్‌ఫోన్‌లో వినిపించే సదుపాయం) ఉంటే ఆ సెట్టింగ్ జోలికే వెళ్లను. మిక్సింగ్‌లోనైతే టెన్షనే లేదు, బఫర్ (పీరియడ్‌లోని ఫ్రేమ్‌ల సంఖ్య) పెంచుకుని కూర్చుంటాను.