పొగ, నిప్పు, ఉద్దానం

అందరికీ నమస్కారం. సైన్సు తత్వశాస్త్రం శ్రీకాకుళానికెందుకండీ అని నన్ను పిలిచినవాళ్లే నవ్వుతూ అడిగారు. కిడ్నీ జబ్బుతో అల్లాడుతున్న మీ ఉద్దానం ప్రాంతం కోసం అన్నాను.

కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు ఊళ్లలో క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా ఉన్నాయో రక్తపరీక్షలో చెప్పే లెక్క) అన్న మాట బడి ముఖం చూడని ముసలమ్మకీ తెలుసు. షుగరూ బీపీ లేనివాళ్లకి కూడా కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో మాత్రం ఖాయంగా తేలలేదు. నీళ్లలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో చాకిరీ అన్నారు, నొప్పి బిళ్లలన్నారు, వంశంలోనే ఉందన్నారు.

మన పాతకాలపు తర్కశాస్త్రం వాళ్లకి, అంటే నైయాయికులకి, ఈ చిక్కు తెలుసు. పొగ ఉంటే నిప్పున్నట్టే. తిరగేసి, నిప్పున్నచోటల్లా పొగ ఉంటుందంటే చెల్లదు, కట్టె పచ్చిదై ఉండాలి. ఆ పచ్చికట్టెలాంటి, బయటికి చెప్పని షరతుని వాళ్లు ఉపాధి అన్నారు. (ఉపాధి హామీ పని కాదు లెండి!) ఒకే బోరు నీళ్లు తాగిన అన్నదమ్ముల్లో ఒకడు మంచాన పడి, ఒకడు తోటకెళ్తున్నాడంటే పచ్చికట్టె ఎక్కడో ఉంది. దాన్ని ఎక్కడ వెతకాలో ల్యాబు ఒక్కటే చెప్పదు. నొప్పి బిళ్లలంటే తప్పు కూలివాడి మీదికి పోతుంది. ఎండంటే పని గంటలూ కూలిరేటూ మాట్లాడాలి. నీళ్లంటే సర్కారు జవాబు చెప్పాలి. అందుకే ఏ ప్రశ్నకి ముందు డబ్బొచ్చిందో కూడా చూడమంటాను.

అయితే తేలేదాకా చేతులు కట్టుకు కూర్చోవాలా? 1854లో లండన్లో కలరా వస్తే జబ్బు నీళ్లతోనే వస్తోందన్న డాక్టర్ జాన్ స్నో వాదన విని బ్రాడ్ స్ట్రీట్ మంచినీళ్ల పంపు పిడి ఊడదీశారు. కలరా క్రిమి సంగతి జర్మన్ శాస్త్రవేత్త కోచ్ తేల్చింది ముప్ఫై ఏళ్ల తరవాత. పిడి తీసేసరికే జబ్బు తగ్గుముఖం పట్టి ఉండొచ్చని స్నో తనే రాశాడు. నాకాయన నచ్చింది అక్కడే. హిరమండలం రిజర్వాయరు నుంచి ఉద్దానానికి పైపుల్లో నీళ్లు తేవడం అలాంటి పనే, మంచి పనే. నీళ్లిచ్చేశాం కాబట్టి కారణం నీళ్లేనని ఫైలు మూస్తేనే ఒప్పుకోను.

ఓ జీడితోటలో ఒకాయన నన్ను చూసి, "ఏటి బాబూ, మళ్లీ రగతానికొచ్చినారా? పోయినసారి తీసిందాన్లో ఏటి తేలింది?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఏం తేలిందో, ఏం తేలలేదో తెలుగులో కాగితం రాసి ఆయన చేతికిచ్చాకే రెండో సీసా తీయాలని నా పట్టు. ఇక మీరడగండి. వెనక బెంచీలో కవిటివాళ్లున్నారు, మైకు ముందటికి కాదు, అటివ్వండి.