కూపర్టినోలో 4,588 ఇళ్లు: ప్లాను కాగితం మీదే, గొడవ మాత్రం నిజం

[తెర మీద: కౌన్సిల్ హాలు. మైకు ముందు జనం వరుస. పక్కన టైమర్.]

కాలిఫోర్నియాలోని కూపర్టినో అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేవి యాపిల్ ఆఫీసు, మంచి స్కూళ్లు, అందనంత ఎత్తులో ఇళ్ల ధరలు. ఆ ఊరి సిటీ కౌన్సిల్ ఏళ్ల తరబడి కొట్టుకున్నది ఒకే ఒక్క అంకె మీద: 4,588.

2023 నుంచి 2031 లోపు ఆ సంఖ్యలో కొత్త ఇళ్లకు చోటు చూపించమని వచ్చిన కోటా అది. అంతకుముందు కోటా 1,064 మాత్రమే. ఒక్కసారిగా నాలుగింతలు దాటేసరికి ఊరంతా టెన్షన్!

ప్రతి ఊరూ ఇలా ఇళ్లకు చోటు చూపించాలనే చట్టం కాలిఫోర్నియాలో 1969 నుంచీ ఉంది. శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఊళ్లన్నీ కలిసిన బే ఏరియాకు మొత్తం 4,41,176 ఇళ్లని రాష్ట్రం లెక్క తేల్చింది. వాటిని ఊళ్లవారీగా పంచింది అబాగ్ అనే ప్రాంతీయ సంస్థ. ఇక ప్రతి ఊరూ 'హౌసింగ్ ఎలిమెంట్' అనే ప్లాను రాసుకుని, హెచ్‌సీడీ అనే రాష్ట్ర హౌసింగ్ శాఖ చేత సరే అనిపించుకోవాలి.

చాలామంది పొరబడేది ఇక్కడే. సిటీ తన చేత్తో ఒక్క ఇల్లు కూడా కట్టక్కర్లేదు. ఈ స్థలంలో ఇన్ని కట్టుకోవచ్చని జాబితా ఇచ్చి, అందుకు తగ్గట్టు జోనింగ్, అంటే ఎక్కడ ఏం కట్టొచ్చో చెప్పే నిబంధనలు, మారిస్తే చాలు.

చాలు అన్నాను గానీ, తంటా అంతా ఆ జాబితాతోనే.

[తెర మీద: జాబితాలో ఒక వరుస. పార్సిల్ నంబర్, ఎకరాలు, ఇళ్ల సంఖ్య.]

పార్సిల్ నంబర్ అంటే మన సర్వే నంబర్ లాంటిది. కూపర్టినోలో ఖాళీ స్థలాలు చాలా తక్కువ. అందుకని జాబితాలోకి పాత షాపింగ్ సెంటర్లు వస్తాయి. జనం వచ్చిపోతున్న కిరాణా షాపు స్థలంలో 80 ఇళ్లు వస్తాయని రాశారనుకోండి. హెచ్‌సీడీ ఊరుకోదు. ఆ షాపు ఖాళీ అవుతుందని ఆధారమేది? ఓనర్ ఉత్తరం ఇచ్చాడా? లీజు ఎప్పటిదాకా ఉంది? పైగా 4,588లో 2,635 ఇళ్లు అల్పాదాయ, మధ్యాదాయ కుటుంబాలకు అందేలా ఉండాలి.

ఇక మైకు దగ్గరికొద్దాం. ఒకరిది ట్రాఫిక్ భయం. ఇంకొకరికి పెరట్లోకి ఎండ రాదని బెంగ. స్కూళ్లు కిక్కిరిసిపోతాయనే మాట సరేసరి. ఈ చివరి మాట నాకెప్పుడూ మింగుడుపడదు. పిల్లలు తగ్గిపోయి అక్కడి స్కూల్ డిస్ట్రిక్ట్ 2022లో ఎలిమెంటరీ స్కూళ్లే మూసేసింది! అదే వరుసలో అద్దె కట్టలేక ఊరికి దూరంగా ఉంటూ రోజూ కారులో వచ్చే టీచర్లూ ఉంటారు. టైమర్ మోగుతుంది, మాట సగంలో ఆగుతుంది.

ఇలా వాదించుకుంటూ ఉండగానే 2023 జనవరి 31 గడువు దాటిపోయింది.

[తెర మీద: విడివిడి ఇళ్ల వీధి. మధ్యలో అయిదంతస్తుల బొమ్మ.]

గడువు దాటితే 'బిల్డర్స్ రెమెడీ' తలుపు తెరుచుకుంటుంది. అప్పటి నిబంధన ప్రకారం 20 శాతం ఇళ్లు అల్పాదాయం వాళ్లకిస్తే చాలు, మా జోనింగ్ ఒప్పుకోదన్న సాకుతో సిటీ ఆ ప్రాజెక్టును కాదనడానికి లేదు. 2022లో అదే రాష్ట్రంలోని శాంటా మోనికాలో ఇదే దారిలో 4,000కు పైగా ఇళ్లకు దరఖాస్తులు పడ్డాయి. కూపర్టినోకూ వచ్చాయి. హౌసింగ్ సంఘాలు కోర్టుకెళ్లాయి. చివరికి 2024 మేలో కౌన్సిల్ ప్లాను ఆమోదించింది, సెప్టెంబరులో హెచ్‌సీడీ సరే అంది. కానీ ఆ మధ్యలో పద్ధతిగా పడిన దరఖాస్తుల హక్కు పోలేదు.

మా ఊరి సంగతి మేమే చూసుకుంటామని సాగదీసినవాళ్లు ఆ పెత్తనాన్ని బిల్డర్ చేతిలో పెట్టారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

అలాగని ప్లాను ఉంటే ఇల్లు లేచినట్టూ కాదు. అదే ఊళ్లోని వాల్కో మాల్‌నే చూడండి. 2018లో ఇంకో చట్టం కింద అక్కడ 2,402 ఇళ్లకు అనుమతి వచ్చింది, మాల్ కూల్చడమూ మొదలైంది. 2024లో ఆ లెక్క 2,669కి మారింది. అంటే ఆరేళ్ల తర్వాత, అప్పటికి కూడా ప్లాను దగ్గరే ఉన్నారు.

బే ఏరియాలో ఇల్లు చూస్తున్నారా? స్కూల్ రేటింగ్ చూసే చేత్తోనే ఆ ఊరి హౌసింగ్ ఎలిమెంట్ తెరిచి, సైట్ల జాబితా చూడండి. మీ వెనక గోడకు ఆనుకున్న పార్కింగ్ స్థలం అందులో ఉందేమో.